మూడో రీలులో దారం

మా ఆఫీసులో సినిమా చూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను శబ్దం ఆపేసి బొమ్మ చూస్తాను. పక్క గదిలో సౌండు పని చూసే కుర్రాడు, నేను సౌండు తమ్ముడు అంటాను, బొమ్మ ఆపేసి శబ్దం వింటాడు. రెండూ కలిపి పెట్టుకుంటే మనసు కథలోకి జారిపోతుందని, మచ్చలు కంటపడవని మా ప్రొప్రయిటరు గారు మొదటిరోజే పెట్టిన నియమం అది. పాత సినిమాల రీళ్ళు తెచ్చి, మసి తుడిచి, గీతలు చెరిపి, డిస్కులు చేసి అమ్మడం మా పని. పదమూడేళ్ళుగా నేను చేస్తున్నది అదే. ఫలానా సినిమా ఎలా ఉంటుందండీ అని ఎవరైనా అడిగితే రెండో రీలులో కుడివైపు బూజు ఎక్కువని చెప్పగలను. హీరోయిను చివరికి ఎవరిని పెళ్ళి చేసుకుందో మాత్రం నన్నడక్కండి.

ఈ మాట ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది గానీ, అప్పట్లో గొప్పగానే చెప్పుకునేదాన్ని.

"గూఢచారి గారికి జలుబు" అని ఒక పాత హాస్య చిత్రం. మా అమ్మానాన్నల పెళ్ళి కాకముందు వచ్చింది. శత్రువుల గుట్టు లాగడానికి వెళ్ళిన గూఢచారికి సరిగ్గా బీరువా వెనక నక్కినప్పుడే తుమ్ము ముంచుకొస్తుంది. రెండు గంటలూ అదే గోల. దీనికి వేలమంది అభిమానులు ఉన్నారంటే మొదట నేను నమ్మలేదు. ఏడేళ్ళ కిందట మా కంపెనీయే ఒకసారి దీన్ని డిస్కుగా తెచ్చింది. అప్పట్లో మా గది పని చూసే పెద్దాయనకు పాత తుమ్ములు నచ్చలేదు. కొత్త తుమ్ములు రికార్డు చేయించి, గది నాలుగు మూలల నుంచీ వినపడేలా పెట్టించాడు. అభిమానులు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. డిస్కులు పెట్టెలకు పెట్టెలు తిరిగొచ్చాయి. పెద్దాయన ఆరోగ్యం బాగాలేదని చెప్పి ఉద్యోగం మానేశాడు. ఆయనకు ఏ జబ్బూ లేదని అందరికీ తెలుసు.

ఆ సినిమాను మళ్ళీ సరిగ్గా చేద్దామనుకున్నప్పుడు ప్రొప్రయిటరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఈసారి అంతా నీ చేతిమీదుగానే జరగాలి. ఇది కూడా తిరిగొచ్చిందంటే పాత సినిమాల గదికి తాళం వేసేద్దాం. అందరం పెళ్ళి వీడియోలు చేసుకుంటూ కూర్చుందాం."

కోపంగా అని ఉంటే పట్టించుకునేదాన్ని కాదు. ఆయన కోపం టీ చల్లారేలోపు చల్లారుతుంది. ఈ మాట మాత్రం నెమ్మదిగా, నా మొహం చూడకుండా అన్నారు. పెళ్ళి వీడియోల మీద నాకు చిన్నచూపేమీ లేదు. కానీ నాకు వచ్చిన పని ఇదొక్కటే, దాన్ని వదులుకోవాలని లేదు.

కొత్త డిస్కు వస్తోందని తెలియగానే ఉత్తరాలు మొదలయ్యాయి. పాత తుమ్ములే కావాలని నలభైమంది రాశారు. సినిమా సగంలో వచ్చే "విశ్రాంతి" అట్ట తీసెయ్యొద్దని ఒకాయన బతిమాలాడు. ఇంకొకాయన టీవీ మీద స్కేలు పెట్టి కొలిచి, పాత డిస్కులో బొమ్మ ఎడమవైపు వేలెడు మేర కోసేశారని లెక్క కట్టి పంపాడు. విలను కోటు ఆకుపచ్చా, నీలమా అని ఇద్దరు పోట్లాడుకుని ఇద్దరూ మమ్మల్నే తిట్టారు. నేను అన్నీ చదివాను. చదివి, వీళ్ళకు ఇంట్లో వేరే పనేం ఉండదా అని గొణుక్కున్నాను కూడా.

అందరిలోకీ ఎక్కువ భయపెట్టింది నీలం సిరాతో నెలకొకటి వచ్చే ఉత్తరం. కవరు మీద అడ్రసు ఉంటుంది గానీ కింద పేరుండదు, "ప్రేక్షకులం" అని మాత్రమే ఉంటుంది. పొగడ్త లేదు, తిట్టూ లేదు. పాత డిస్కులో ఏ నిమిషంలో గోడ గడియారం సగం తెగిపోయిందో, ఎక్కడ మొహాలు నున్నగా మైనంలా తయారయ్యాయో వరసగా రాసి ఉంటుంది. పోయి చూస్తే ఒక్కటీ తప్పుండదు. సౌండు తమ్ముడు దానికి కందిరీగ అని పేరు పెట్టాడు. వాడికేం, హాయిగా ఉన్నాడు. ఆ ఉత్తరాల్లో శబ్దం గురించి ఒక్క ముక్క ఉండేది కాదు.

ఎనిమిది నెలలు పట్టింది. దొరికిన ప్రింటు ఎన్ని హాళ్ళు తిరిగిందో, ప్రతి ఫ్రేములోనూ వాన కురుస్తున్నట్టు గీతలు. మూడో రీలు మరీ అధ్వాన్నం. నిలువు గీతలతో పాటు అడ్డగీతలు, ఐమూల గీతలు కూడా ఉన్నాయి. అందుకని ఆ రీలుకు మాత్రం గీతలు చెరిపే ప్రోగ్రాములో మీటను పూర్తిగా పైకి తోశాను. తర్వాత ఫ్రేము వెంట ఫ్రేము, మూల నుంచి మూలకు చూసుకుంటూ పోయాను. అద్దంలా వచ్చింది. తుది ప్రతి మీద సంతకం పెట్టి డిస్కులు అచ్చువేసే ఫ్యాక్టరీకి పంపాం. శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి మెషీన్లు మొదలుపెడతామన్నారు.

ప్రొప్రయిటరు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆ శనివారం ఉదయమే కందిరీగను ఆఫీసుకు పిలిచి, టీ ఇచ్చి, అందరికంటే ముందు సినిమా చూపిద్దామన్నారు. "మర్యాద చేసినవాళ్ళను గట్టిగా తిట్టలేరు కదా," అన్నారు.

పది గంటలకు ఒక ముసలి అన్నాచెల్లెళ్ళు వచ్చారు. నేను ఎవరో బక్కపల్చటి మగమనిషిని ఊహించుకున్నాను. ఉత్తరాలు రాసేది చెల్లెలు. అరవై దాటిన ఆవిడ, మెడలో కొలతల టేపు తీయడం మరచిపోయి అలాగే వచ్చేసింది. బట్టలు కుట్టే షాపు నడుపుతుందట. పక్కన అన్నగారు, మందపాటి కళ్ళజోడు, నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కా. మగ్గాల మిల్లులో పనిచేసి ఆ మోతకు ముప్పై ఏళ్ళకే చెవులు పోగొట్టుకున్నాడని ఆవిడ చెప్పింది.

"అన్నయ్యకి ఏం వినపడదమ్మా. చూసి చెప్తాడు, నేను రాస్తాను. అందుకే ప్రేక్షకులం అని పెడతాను," అంది.

చిన్న హాల్లో నలుగురం కూర్చున్నాం. వాళ్ళిద్దరూ ముందు, ప్రొప్రయిటరు గారు, నేను వెనక. తన గొంతు తన చెవికి తెలియదు కాబట్టి అన్నగారి నవ్వు పెద్దది, హాలు దద్దరిల్లేది. మొదటి రీలుకే పొట్ట పట్టుకున్నాడు. ప్రొప్రయిటరు గారు నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు. ఎనిమిది నెలలుగా బిగుసుకుపోయిన నా భుజాలు కాస్త కిందికి దిగాయి.

మూడో రీలు మొదలైంది. అన్నగారు కుర్చీ అంచుకు జరిగి, మోచేత్తో చెల్లెలిని పొడిచాడు.

"వస్తోంది, వస్తోంది! ఇప్పుడు చూడు!" అన్నాడు గట్టిగా.

తెర మీద ఒక హోటలు వరండా. గూఢచారి రెండు వేళ్ళు దగ్గరగా పట్టుకుని, తుమ్ము ఆపుకుంటూ, వొంగి వొంగి నడుస్తున్నాడు. ఎదురొచ్చిన సర్వరు ఏమీ లేని చోట పళ్ళెంతో సహా గెంతాడు. గదిలోంచి వచ్చిన ఒకావిడ తడి చేతిరుమాలు గాల్లో ఆరేసి వెళ్ళింది. అది అలాగే గాల్లో వేలాడింది.

అన్నగారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ముందుకు వంగి చూశాడు. మళ్ళీ తీసి తుడిచాడు. అప్పుడు చెల్లెలి వైపు తిరిగి, తను మెల్లగానే మాట్లాడుతున్నాననుకుని, హాలంతా వినపడేలా అడిగాడు.

"దారం నాకు కనపడట్లేదేంటే? కళ్ళు కూడా పోతున్నాయా నాకు?"

దారం! గూఢచారి శత్రువు పెట్టెకు దారం కట్టాడు. ఆ దారం పట్టుకునే హోటలంతా తిరుగుతున్నాడు. సర్వరు గెంతింది దారం మీంచి, చేతిరుమాలు ఆరేసింది దారం మీద. నేను దాన్ని గీత అనుకుని చెరిపేశాను. ఆరు నిమిషాల ఇరవై సెకన్లు, తొమ్మిది వేల చిల్లర ఫ్రేములు. ప్రతి ఒక్కటీ కళ్ళు చిట్లించుకుని చూశాను. చేతిరుమాలు గాల్లో వేలాడుతుంటే దాని మీద మచ్చ ఉందా లేదా అని చూశాను గానీ, అది దేన్ని పట్టుకుని వేలాడుతోందని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఈ తప్పు చెయ్యాలంటే నాలా పదమూడేళ్ళ అనుభవం ఉండాలి. దారినపోయే ఎవరిని కూర్చోబెట్టినా చెయ్యరు.

చెల్లెలు తెర వైపు చూసింది, తర్వాత అన్న మొహం చూసింది. ఆవిడకూ దారం కనపడలేదు. కానీ ఆవిడ వయసుకు ఆవిడ కళ్ళ మీద ఆవిడకే నమ్మకం లేదనుకుంటాను. "నాకూ కనపడట్లేదన్నయ్యా," అని చేత్తో సైగ చేసింది, అంతే.

ప్రొప్రయిటరు గారికి ఇంకా అర్థం కాలేదు. గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. నేను నోరు మూసుకుంటే నలభై నిమిషాల్లో మెషీన్లు మొదలవుతాయి. ఈ ముసలివాళ్ళు ఇంటికి పోయి కళ్ళ డాక్టరును వెతుక్కుంటారు. అందరికీ తెలిసేలోపు కొన్నాళ్ళు పడుతుంది, కొన్నాళ్ళు నా గది నాకుంటుంది. ఇదంతా ఆలోచించలేదని చెప్తే అబద్ధం. ఆలోచించాను. అన్నగారు మూడోసారి కళ్ళజోడు తీశాడు. ఈసారి తుడవలేదు, చేతిలో పట్టుకుని అలా కూర్చున్నాడు.

నేను లేచి సినిమా ఆపాను. లైటు వేసి, ఆవిడ ఒళ్ళో ఉన్న నోటు పుస్తకం తీసుకుని పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. "మీ కళ్ళు బాగున్నాయి. దారం లేదు. గీత అనుకుని నేనే చెరిపేశాను." రాసి ఆయన ముందు పట్టుకున్నాను. వెనక ప్రొప్రయిటరు గారు కూడా చదువుతున్నారని తెలుస్తూనే ఉంది.

ఆయన వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"అయితే నా కళ్ళు పోలేదా?"

లేదని తల ఊపాను. ఆయన ఒక్కసారిగా ఊపిరి వదిలి, చెల్లెలి చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"చూశావా! నా కళ్ళు బాగానే ఉన్నాయట! వీళ్ళే చెరిపేశారట!" అని పిల్లాడిలా నవ్వాడు. నన్ను తిట్టాలని ఆయనకు తోచనే లేదు. ఆవిడ మాత్రం టేపు అంచుతో కళ్ళు ఒత్తుకుంది.

"చెవులు పోయిన ఏడాదే ఈ సినిమాకి తీసుకెళ్ళానమ్మా," అంది నాతో. "హాల్లో అందరూ నవ్వుతుంటే తను ఒక్కడే బిక్కమొహం వేసుకు కూర్చున్నాడు. ఈ దారం సీను వచ్చింది. ఇందులో ఒక్క మాట ఉండదు. హాలంతా ఎంత చూస్తోందో అన్నయ్య కూడా అంతే చూస్తున్నాడు. ఆ ఏడాదిలో మొదటిసారి అప్పుడే నవ్వాడు. ఇంకేం కావాలి మాకు?"

ప్రొప్రయిటరు గారు అప్పటికే ఫోను చేతిలోకి తీసుకున్నారు. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఏదో గునిసినట్టున్నాడు.

"ఆపమంటే ఆపండి! మెషీను వేడెక్కితే చల్లారబెట్టండి! నాకు దారం కావాలి!" అని అరిచారు.

దారం ఏమిటో ఆ సూపర్‌వైజరుకు ఏం అర్థమైందో గానీ, మెషీన్లు ఆగాయి. ప్రొప్రయిటరు గారు ఫోను పెట్టేసి చెమట తుడుచుకుని నా వైపు చూశారు. అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే బాగుండుననిపించింది కూడా.

"బయటికి పోకముందే చెప్పావు. అదే పదివేలు," అన్నారు. "గది సంగతి డిస్కు సరిగ్గా వచ్చాక మాట్లాడదాం. ముందు అభిమానులకు నువ్వే రాయి. ఆలస్యం ఎందుకో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

రాశాను. సాంకేతిక కారణాల వల్ల అని మొదలుపెట్టి, కొట్టేసి, మూడో రీలులో దారాన్ని గీత అనుకుని చెరిపాను, మళ్ళీ చేస్తున్నాను, ఒక నెల ఆగండి అని నాలుగు వాక్యాలు రాసి కంపెనీ వెబ్‌సైటులో పెట్టాను. ఆ రోజంతా కంప్యూటరు దగ్గరికి వెళ్ళలేదు. సోమవారం పొద్దున సౌండు తమ్ముడు లోపలికొచ్చాడు.

"అక్కా, నువ్వే చూడు. నేను చెప్తే నమ్మవు."

మూడొందల జవాబులు. స్కేలు పెట్టి కొలిచినాయన "ఏడేళ్ళు ఆగాం, ఒక నెల ఆగలేమా" అన్నాడు. కోటు రంగు కోసం పోట్లాడుకున్న ఇద్దరూ మొదటిసారి ఒక మాట మీద నిలబడి, తప్పు ఒప్పుకున్న కంపెనీని ఇప్పుడే చూస్తున్నామన్నారు. దారం లేని ముక్కను కూడా డిస్కులో వేరుగా పెట్టమని, గాల్లో వేలాడే చేతిరుమాలు తామూ చూడాలని డెబ్భైమంది అడిగారు. నేను బల్ల మీద తల పెట్టేసుకున్నాను. ఏడ్చాననుకుని తమ్ముడు టీ తెచ్చాడు. ఏడవలేదు, ఒళ్ళంతా తేలికైపోయి లేవలేకపోయానంతే.

చెరపనంత కాలం అన్నీ గీతలే. అందులో దారం ఏదో తేల్చుకోవడం అసలు కష్టం. చెరపకముందు రీలు నుంచి కంప్యూటరులోకి ఎక్కించిన స్కానింగు ప్రతి తెరిచి చూస్తే వర్షంలో ఒక చినుకును వెతికినట్టుంది. రెండు రోజులు తంటాలు పడి, మూడో రోజు కుట్టు షాపుకు వెళ్ళి చెల్లెలు గారినే అడిగాను. మధ్యాహ్నాలు షాపు మూసి వచ్చి నా పక్కన కూర్చుంది. తెర దగ్గరికి మొహం పెట్టి వేలితో చూపించేది.

"ఇది గీత. ఇదీ గీతే. ఇదిగో, ఇది దారం."

"ఎలా చెప్తున్నారండీ? నాకు రెండూ ఒకేలా ఉన్నాయి!"

"దారానికి బరువుంటుందమ్మా. ఎంత లాగి కట్టినా మధ్యలో కాస్త వంగుతుంది. గీతకేం బరువు? తిన్నగా పోతుంది."

అది విన్నాక నాకూ కనపడటం మొదలైంది. పదకొండు రోజులు ఇద్దరం కలిసి, మీట జోలికి పోకుండా, చేత్తో ఒక్కొక్క గీతే చెరుపుతూ దారాన్ని మిగుల్చుకున్నాం. నేను ఆవిడను పిన్నీ అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టానో గుర్తులేదు. మా వరండా కర్టెన్ల కుట్టు బాగాలేదని ఆవిడ వాటిని కూడా పట్టుకెళ్ళి సరిచేసి తెచ్చింది.

పన్నెండో రోజు అన్నగారిని పిలిచాం. ఈసారి ఆఫీసంతా హాల్లోనే ఉంది. సౌండు తమ్ముడు మొదటిసారి బొమ్మ చూడటానికి కూర్చున్నాడు. అన్నగారు కళ్ళజోడు ముందే రెండుసార్లు తుడుచుకున్నాడు. హోటలు వరండా వచ్చింది. గూఢచారి వేళ్ళ మధ్య నుంచి సన్నటి తెల్లటి దారం, కాస్త వంగి, వరండా చివరిదాకా పోయింది.

అన్నగారు ఊపిరి బిగపట్టాడు. సర్వరు దారం మీంచి గెంతాడు. గదిలోంచి వచ్చినావిడ చేతిరుమాలు ఆరేసింది. గూఢచారి స్తంభాలు చుట్టి, మెట్లెక్కి దిగి, దారాన్ని ఉండలా చుట్టుకుంటూ చుట్టుకుంటూ వచ్చి, చివరికి అది శత్రువు పెట్టెకు కాదు, తన కోటు వెనక గుండీకే కట్టి ఉందని తెలుసుకుని, ఆరు నిమిషాలుగా ఆపుకున్న తుమ్మును వదిలేశాడు. అన్నగారు కుర్చీలోంచి లేచిపోయి నవ్వాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే చెల్లెలి వీపు మీద చరుస్తూ నవ్వాడు. ఆవిడా నవ్వింది, తమ్ముడూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వుతున్నదెవరా అని చూస్తే నేనే.

ప్రొప్రయిటరు గారు నా కుర్చీ దగ్గరికి వంగారు.

"నీ గదిలో అల్మారా ఖాళీ చేసి పెట్టు. వచ్చే వారం ఇంకో మూడు సినిమాల రీళ్ళు వస్తున్నాయి," అన్నారు. ఆ మాట నాకు సరిగ్గా వినపడలేదు, మళ్ళీ చెప్పించుకున్నాను. నిజం చెప్పాలంటే మొదటిసారే వినపడింది, రెండోసారి వినాలనిపించి అడిగాను.

"మళ్ళీ వెయ్యమ్మా!" అని అరిచాడు అన్నగారు.

వేశాను. మళ్ళీ అడిగాడు, మళ్ళీ వేశాను. అలా నాలుగుసార్లు ఆయన కోసం వేశాను. అన్నాచెల్లెళ్ళు టీ తాగి, మెట్లు దిగి వెళ్ళిపోయాక, శబ్దం పెంచి, మచ్చల కోసం వెతక్కుండా, ఐదోసారి నా కోసం వేసుకున్నాను.